పలక నుంచి తుఫాను దాకా

బందరు, గుడివాడ, దివిసీమ ఊళ్లలో ప్రాథమిక పాఠశాల టీచరు నెత్తిన ఉన్న పనుల్లో పిల్లల కోసం చేసేవేవి, పై ఆఫీసుల కోసం చేసేవేవి?

కృష్ణా జిల్లాలో అరవై దాటినవాళ్ల ఆధార్ కార్డులు చూస్తే, జూలై 1న పుట్టినవాళ్లు ఊరూరా తగులుతారు. అమ్మ కన్నది ఊడ్పుల్లోనో, కోతల రోజుల్లోనో అయి ఉంటుంది. ఫలానా గాలివాన వచ్చిన ఏడాదని ఆమెకు గుర్తే, తారీకు మాత్రం ఎవరు రాసిపెట్టుకున్నారు? బడిలో వేయడానికి తీసుకొచ్చిన రోజున పంతులుగారు పిల్లవాణ్ణి దగ్గరికి పిలిచి, కుడిచెయ్యి తలమీదుగా పోయి ఎడమ చెవిని అందుకుంటుందో లేదో చూసి, అయిదేళ్లు నిండేలా ఒక తారీకు వేసేవారు. ఆ తారీకే పదో తరగతి సర్టిఫికెట్టుకు ఎక్కింది. ఉద్యోగంలో చేరిన రోజునా, రిటైరైన రోజునా అదే చెల్లింది. ఇవాళ వృద్ధాప్య పింఛనుకు అర్హత తేల్చేదీ అదే. ఇంటిపేరు ఎలా రాయాలో, అబ్బాయి పేరు చివర ‘అయ్య’ ఉండాలో ‘రావు’ ఉండాలో కూడా అడ్మిషన్ రిజిస్టరు దగ్గరే తేలిపోయేది.

ఇంత నమ్మకం ఊరు మరే ఉద్యోగి మీదా పెట్టలేదు. కరణం అంటే జంకు, మునసబు అంటే భయం ఉండేవి. పంతులుగారంటే చనువుతో కూడిన గౌరవం. 1984 జనవరిలో కరణం, మునసబు పదవులు రద్దయ్యాక, చదవడం, రాయడం, లెక్క కట్టడం వచ్చి రోజూ ఊళ్లో కళ్లకు కనబడే సర్కారు మనిషి చాలాచోట్ల టీచరే అయ్యారు. జనాభా లెక్కలు, ఓటర్ల జాబితా, అక్షరాస్యత ఉద్యమం, ఇంటింటి సర్వేలు ఒకదాని వెనక ఒకటిగా ఆ గుమ్మంలోకే వచ్చి పడ్డాయి. అప్పట్లో వేరే మనిషి లేడన్న మాటలో నిజముంది. ఇప్పుడు మనుషులున్నారు. పనులు మాత్రం వెనక్కి పోలేదు. ఈ కథనం రాయడానికి కారణం అదే.

చాప మీద కూర్చున్న గంట

బందరు విద్యా చరిత్ర చెప్పమంటే అందరం పెద్ద పేర్లే చెబుతాం. 1843లో రాబర్ట్ నోబుల్ తెరిచిన బడి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు తెలుగు చెప్పిన హిందూ హైస్కూలు, 1910లో కోపల్లె హనుమంతరావుగారు నిలబెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాల. పింగళి వెంకయ్యగారు ఆ కళాశాలలోనే పనిచేశారు. ఇవన్నీ గర్వించదగ్గవే. కానీ ఆ గుమ్మాల దాకా పిల్లల్ని నడిపించుకొచ్చిన వీధిబడి పంతుళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. అక్షరం దిద్దించినవాడి పని కనబడకుండా పోవడం ఈ నేల మీద కొత్త కాదు.

ఆ పని ఎంత పెద్దదో చూద్దాం. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు. మూడు నుంచి అయిదు దాకా వీటికి పరిసరాల విజ్ఞానం తోడు. మొత్తం కలిపితే 18 సబ్జెక్టులు. 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతుంది. చట్టం అక్షరాలా అమలైన బడిలో కూడా ఒక్కొక్కరి వాటా తొమ్మిది సబ్జెక్టులు. పిల్లలు తగ్గిపోయిన లంక ఊరి బడిలో టీచరు ఒక్కరే. మూడో తరగతికి లెక్క ఇచ్చి, అయిదో తరగతి అమ్మాయిని నాలుగో తరగతికి పాఠం చదివి వినిపించమని కూర్చోబెట్టి, తాను ఒకటో తరగతి పిల్లల చాప మీదికి చేరాలి. ఆ చాప మీద జరిగేదే అసలు పని.

చదవడం నేర్పడం బయటివాళ్లకు తేలిగ్గా కనిపిస్తుంది. అక్షరమాల నెల రోజుల్లో వచ్చేస్తుంది, నిజమే. గుణింతాలు, వత్తులు మొదలయ్యాకే పిల్ల తడబడుతుంది. ‘చక్రం’ అన్న మాటలో రవత్తు కకారాన్ని ఎడమవైపు నుంచి చుట్టుకుని ఉంటుంది కాబట్టి, ముందు కంటబడిన రకారాన్నే ముందు పలికి ‘చర్కం’ అంటుంది. ఆ పిల్ల తెలివితక్కువది కాదు, కళ్లు చూసిన వరసనే నోరు పలికింది. ఈ తప్పు పరీక్ష కాగితంలో దొరకదు. పక్కన కూర్చుని, వేలు పెట్టి చదివిస్తూ వింటేనే దొరుకుతుంది. ముప్పై మంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరిని రెండేసి నిమిషాలు విన్నా రోజుకు గంట కావాలి. రెండో తరగతి దాటేలోగా ఈ గంటలు దొరకని పిల్ల మూడో తరగతిలో లెక్కల పుస్తకం కూడా చదవలేదు. అక్కడున్న ప్రశ్నే ఆమెకు అర్థం కాదు. పైతరగతుల్లో మనం వెనకబాటు అని పిలిచేదాంట్లో చాలావరకు ఇక్కడ పోయిన గంటల లెక్కే.

పిల్లలందరూ ఒకేలా రారు కూడా. గిలకలదిండి రేవు నుంచి వచ్చే పిల్లాడికి వలకన్ను కొలత తెలుసు, ఏ చేప ఏ కాలంలో పడుతుందో తెలుసు. పెడన పిల్లకు మగ్గం చప్పుడు, కలంకారీ అచ్చులు పుట్టినప్పటి నుంచీ పరిచయం. చిలకలపూడిలో గిల్టు నగల పని ఇంటింటా ఉంటుంది. గుడివాడ పక్కన నందివాడ మండలంలో చేపల చెరువులకు కాపలా ఉండే కుటుంబాలు గట్ల మీదే గుడిసెలు వేసుకుంటాయి. చెరువు పట్టుబడి అయ్యాక ఇంకో చెరువుకు మారితే పిల్లాడి బడీ మారుతుంది. దివిసీమలో పీతలవేటకు మడ అడవుల వైపు వెళ్లే యానాది కుటుంబాల పిల్లలు పదిహేను రోజులు కనబడి నెల రోజులు మాయమవుతారు. మంచి టీచరు ఈ లోకాలన్నీ తెలుసుకుని, వాటిలోంచే మాటలు ఏరి పాఠంలోకి తెస్తారు. మాయమైన పిల్లాడి కోసం మోటారుసైకిలు మీద చెరువు గట్లంట తిరుగుతారు. ఆ తిరుగుడు ఏ రిజిస్టరులోనూ ఎక్కకపోయినా అది బడి పనే.

పంటు దాటితేనే బడి

గుడివాడ జంక్షన్ నుంచి బందరు వైపు, భీమవరం వైపు పోయే పాసింజర్లలో పొద్దున్నే క్యారేజీ సంచులతో ఎక్కే టీచరమ్మల్ని చూడవచ్చు. స్టేషన్లో దిగాక ఆటో, ఆటో దిగాక నడక. దివిసీమ దిగువన ఇంకా కష్టం. నాగాయలంక మండలంలోని ఎదురుమొండి దీవులకు పోవాలంటే కృష్ణ పాయ మీద పంటు ఎక్కాలి. గాలి ఎక్కువైతే పంటు ఆగుతుంది. టీచరు ఇవతలి ఒడ్డున, పిల్లలు అవతలి ఒడ్డున నిలబడిపోతారు. ఫోనులో ముఖం చూపించి హాజరు వేసుకునే పద్ధతి 2022 ఆగస్టులో వచ్చినప్పుడు, సిగ్నలు అందని లంకల్లో, పంటు కోసం ఎదురుచూసే రేవుల్లో అది ఎలా పనిచేస్తుందో ఆలోచించినట్టు కనబడలేదు. బడికి రాని టీచరును పట్టుకోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఏటి గాలికి ఆలస్యమైన మనిషిని, ఎగ్గొట్టిన మనిషిని ఒకే గాటన కట్టే యంత్రం ఆ పని చేయలేదు.

2018 వర్షాకాలంలో దివిసీమలో పాముకాట్లు వరుసగా నమోదయ్యాయి. అవనిగడ్డ ఆసుపత్రికి రోజూ జనం పరుగెత్తారు. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి సన్నిధిలో సర్పశాంతి యాగం కూడా జరిగింది. అలాంటి రోజుల్లో బడి చుట్టూ తుప్పలు కొట్టించడం, మరుగుదొడ్డి తలుపు తీసే ముందు కర్రతో తట్టమని నేర్పడం, కాటు పడితే కట్లూ నాటువైద్యాలూ వద్దు, కాలు కదపకుండా ఆసుపత్రికే తీసుకుపోవాలని పిల్లలతో ఇంటికి కబురంపడం ఎవరు చేయాలి? టీచరే. పరిసరాల విజ్ఞానం పాఠం ఇంతకంటే దగ్గరగా ఇంకెక్కడ దొరుకుతుంది?

అన్నం దగ్గర

బడిలో వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి అమలైంది. పథకం పేరు ప్రభుత్వంతో పాటు మారింది. నిన్న జగనన్న గోరుముద్ద, ఇవాళ డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం. గుడ్డు, చిక్కీ, రాగిజావ వచ్చి చేరాయి. 2025 జూన్ నుంచి సన్నబియ్యం వస్తోంది. వండేది వంట ఏజెన్సీ అక్కచెల్లెళ్లు. బియ్యం లెక్క, గుడ్ల లెక్క చూసి, ఉడికిందో లేదో ముందు తాను రుచి చూసి వడ్డించేది టీచరు.

దీన్ని కూడా బోధనేతర భారం అనే జాబితాలో వేసే వాదన ఉంది. నేను ఒప్పుకోలేను. జపాన్‌లో 1954లోనే బడిభోజనానికి చట్టం చేసి దాన్ని చదువులో భాగంగా చూశారు. అక్కడ టీచరు పిల్లలతో తరగతి గదిలోనే కూర్చుని తింటారు, వంతుల వారీగా పిల్లలే వడ్డిస్తారు. మన ఊళ్లలో పంక్తిలో పక్కపక్కన ఎవరు కూర్చోవచ్చో కులం నిర్ణయించిన కాలం మరీ పాతది కాదు. మాలపల్లి పిల్లాడు, పాలెం పిల్లాడు, యానాది పిల్ల, రైతు పిల్ల ఒకే వరసలో కంచం పెట్టుకునేలా చూడటం పాఠం కాకపోతే మరేమిటి? ఏ పిల్ల గుడ్డు తినకుండా తమ్ముడి కోసం కాగితంలో చుట్టుకుంటోందో కనిపెట్టేది అక్కడే. ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదని తెలిసేదీ అక్కడే. కంచం ముందు టీచరు ఉండాలి. ఫొటో తీసి యాప్‌లో ఎక్కించడం, గుడ్ల సంఖ్య పూటపూటా కొట్టడం మాత్రం ఆమె పని కాదు.

ఉప్పెన నేర్పింది

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన గురించి తెలుగువాళ్లకు మళ్లీ చెప్పనక్కర్లేదు. సర్కారు లెక్కల్లోనే దాదాపు పదివేల మంది పోయారు, ఊరివాళ్ల లెక్క ఇంకా ఎక్కువ. సొర్లగొంది, పాలకాయతిప్ప వైపు ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ రోజు సముద్రం ఎక్కిరాలేని ఎత్తులో నిలబడే గట్టి కట్టడాలు చాలినన్ని లేకపోవడం ప్రాణాలు తీసింది. తర్వాత తీరం వెంబడి తుఫాను షెల్టర్లు కట్టారు. మామూలు రోజుల్లో పిల్లలకు బడిగా, గాలివాన రోజుల్లో ఊరికి నీడగా ఉండేలా చాలా వాటిని వాడుకున్నారు. 1990 మే 9న మళ్లీ పెనుతుఫాను ఇదే కృష్ణ మొగ దగ్గర తీరం దాటింది. ముందే జనాన్ని పెద్దఎత్తున తరలించారు. మరణాలు వేయిలోపే ఆగాయి. వేయి కూడా పెద్ద సంఖ్యే, కానీ పదమూడేళ్ల కిందటి రాత్రితో పోల్చి చూడండి.

అప్పటి నుంచి ఈ ప్రాంతంలో తుఫాను హెచ్చరిక అంటే బడి తాళం తీయడమే. 2023 డిసెంబరులో మిచౌంగ్, 2025 అక్టోబరులో మొంథా వచ్చినప్పుడూ అంతే. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద దిగినప్పుడు లంకలు మునిగాయి. అలాంటప్పుడు ఇల్లు వదిలి వెళ్లనని మొండికేసే ముసలామెను కదిలించగలిగేది పోలీసు కాదు, ఆమె మనవరాలికి పాఠం చెప్పే టీచరు. ఏ ఇంట్లో నడవలేని తాత ఉన్నాడో, ఏ ఇంటావిడకు నెలలు నిండాయో, మగవాళ్లు వేటలో ఉన్న ఇళ్లేవో ఆమెకు తెలుసు. నీరు తీశాక తడిసిన పుస్తకాలు ఆరబెట్టి, బురద కడిగించి, రెండు రోజుల్లో మళ్లీ గంట కొట్టేదీ ఆమే. బడి తెరుచుకుంటే పిల్లలకు భయం తగ్గుతుంది. దివిసీమ ఆ సంగతి చాలా పెద్ద ధర పెట్టి తెలుసుకుంది.

విద్యాహక్కు చట్టం 27వ సెక్షను టీచర్లకు బోధనేతర పనులు అప్పగించొద్దంటూనే మూడింటికి సందు వదిలింది. పదేళ్లకోసారి వచ్చే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు. ఈ మూడింట్లో విపత్తు పని ఇక్కడి టీచర్లకు పైనుంచి వచ్చి పడిన భారం కాదు. చట్టం లేకపోయినా వాళ్లు చేసేదే, చేస్తూ వచ్చిందే.

ఎవరి కోసం ఈ పని?

మిగిలిన రెండింటి సంగతి వేరు. టీచర్లను ఎన్నికల పనులకు వాడుకుంటే సెలవు రోజుల్లో, పాఠాలు లేని వేళల్లోనే వాడుకోవాలని సుప్రీంకోర్టు 2007 డిసెంబరులో చెప్పింది. 2022 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం విద్యాహక్కు నిబంధనలు సవరించి, టీచర్లను బోధనేతర పనుల నుంచి తప్పించే ప్రయత్నం చేసింది. అయినా 2024 మే 13 పోలింగు నాటికి పెట్టెలు మోసుకుంటూ లంకలకు వెళ్లినవాళ్లలో టీచర్లు ఉన్నారు. సాధారణ ఎన్నికలు అయిదేళ్లకోసారి, పైగా వేసవిలో. దాన్ని భరించవచ్చు. రోజూ బడివేళలో గంటను కొరికేసేది వేరే ఉంది, అది ఫోను.

పిల్లల హాజరు, టీచరు హాజరు, భోజనం తిన్నవాళ్ల సంఖ్య, గుడ్లు, చిక్కీలు, కొన్నాళ్ల కిందటి దాకా మరుగుదొడ్డి ఫొటో, పుస్తకాల కిట్టు అందినట్టు నమోదు, బూట్ల కొలతలు, ఆధార్ సరిచూపు, విద్యార్థి గుర్తింపు సంఖ్య, యూడైస్ వివరాలు, తల్లిదండ్రుల సమావేశం ఫొటోలు. 2019 నవంబరులో నాడు-నేడు మొదలైనప్పుడు ఇసుక, సిమెంటు, టైల్సు బిల్లులు కూడా ప్రధానోపాధ్యాయుల చేతికొచ్చాయి. బడులు బాగుపడ్డాయి, ఆ పని గొప్పదే. అయితే ఆ నెలల్లో టీచరుగారు మేస్త్రీగారయ్యారు. బడి పిల్లల తల్లులకు ప్రభుత్వమిచ్చే ‘తల్లికి వందనం’ డబ్బు ఖాతాలో పడకపోతే తల్లులు ముందుగా అడిగేది కూడా బడిలోనే. ‘టీచరుగారూ, పక్కింటామెకు పడింది, నాకెందుకు పడలేదు?’ అన్న ప్రశ్నకు జవాబు టీచరు దగ్గర ఉండదు. జవాబు లేదని చెప్పి పంపేయడానికి మనసొప్పదు. బ్యాంకు పుస్తకం తెప్పించి, ఎక్కడ ఆగిందో చూసేసరికి ఒకటో తరగతి చాప మీది గంట గడిచిపోతుంది.

ఇది మన ఒక్కరి బాధ కాదు. ఇంగ్లండులో 2003లో ప్రభుత్వం, టీచర్ల సంఘాలు కూర్చుని, టీచరు మామూలుగా చేయకూడని గుమాస్తా పనులు ఇరవైకి పైగా రాసుకున్నాయి. డబ్బు వసూలు, కట్టలకొద్దీ జిరాక్సులు, సామాను లెక్కలు లాంటివి. వాటిని చేయడానికి వేరే సిబ్బందిని పెట్టారు. అక్కడి టీచర్ల కష్టాలు దాంతో తీరిపోలేదు. కానీ ఏ పని ఎవరిదో కాగితం మీద పేరుపెట్టి రాసుకోవడమన్నది జరిగింది. మనం అదీ చేయలేదు.

మన దగ్గర మనుషులు లేరా? 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. వాటిలో వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్ అనే పోస్టు ఉంది. పేరులోనే చదువు ఉంది. డిజిటల్ అసిస్టెంట్ ఉన్నారు, ఇంజనీరింగ్ అసిస్టెంట్ ఉన్నారు. కరణం పోయాక ఏర్పడిన ఖాళీ ముప్పై అయిదేళ్లకు నిండింది. అలాంటప్పుడు ఆధార్ సరిచూపు, ఖాతాల గొడవ, గోడల పగుళ్ల ఫొటోలు బడిలోనే ఎందుకు ఉండిపోవాలి? ఎవరూ పనిగట్టుకుని ఇలా చేయలేదని అనుకుంటున్నాను. కొత్త పథకం తెచ్చిన ప్రతి ఆఫీసూ పిల్లల వివరాలు ఎక్కడ దొరుకుతాయని చూసుకుంది, ప్రతి ఆఫీసుకూ ఒకే చిరునామా తట్టింది. ఒక్కొక్కటి చూస్తే పది నిమిషాల పనే. అన్నీ ఒకే మనిషి దగ్గరికొచ్చాయని లెక్క చూసుకునే బాధ్యత ఏ ఆఫీసుకూ లేకపోయింది.

నా లెక్క ఇలా ఉంది. పిల్లాడి ముఖం చూస్తేగానీ చేయలేని పని టీచరుది. చదివించడం, తిన్నాడో లేదో చూడటం, రాకపోతే ఇంటికెళ్లి అడగడం, చూపు మందగించిందేమో కనిపెట్టడం, తుఫాను రాత్రి చెయ్యి పట్టుకోవడం. 2019లో కంటి పరీక్షల పథకం కంటివెలుగు బడి పిల్లలతోనే మొదలైంది. నల్లబల్ల కనబడక వెనకబడిన పిల్లలు టీచర్ల తొలి పరీక్షలోనే బయటపడ్డారు. పిల్లాడి ముఖం చూడకుండా, పేరూ నంబరూ ఉంటే అయిపోయే పని ఇంకెవరైనా చేయాలి.

గుడివాడకు దగ్గర్లోని అంగలూరులో జిల్లా విద్యా శిక్షణ సంస్థ, మనం డైట్ అని పిలుచుకునేది, ఉంది. త్రిపురనేని రామస్వామి చౌదరిగారు పుట్టిన ఊరు అది. ఎన్నో ఏళ్లుగా ఈ డెల్టా బడులకు టీచర్లు అక్కడ శిక్షణ పొంది వెళుతున్నారు. పిల్లల మనస్తత్వం, గణిత బోధన, భాషా బోధన నేర్చుకుంటారు. టీచర్ల నియామకానికి పెట్టిన 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించారు. ఆ పరీక్ష కోసం ఏళ్ల తరబడి చదివిన యువతీయువకులు ఆ ఏడాది చివరికి బడుల్లోకి వచ్చారు. వాళ్లలో ఎస్జీటీలుగా, అంటే ప్రాథమిక బడి టీచర్లుగా చేరినవాళ్లకు మొదటి నెలలో స్కూలు కాంప్లెక్సు సమావేశంలో ఎక్కువసేపు ఏం చెబుతారన్నది చాలా తేలుస్తుంది. రవత్తు దగ్గర తడబడే పిల్లను ఎలా కూర్చోబెట్టుకోవాలో చెబుతారా, లేక ఏ యాప్ ఏ పాస్‌వర్డుతో తెరుచుకుంటుందో చెబుతారా?

ఇప్పుడు జనగణన ఎదురుగా ఉంది. 2011 తర్వాత జరగాల్సింది వాయిదా పడి, ఇళ్ల నమోదు 2026లో, మనుషుల లెక్క 2027 ఫిబ్రవరిలో అన్నారు. ఇంటింటికీ వెళ్లి నమ్మకంగా వివరాలు రాబట్టడంలో టీచర్లను మించినవాళ్లు లేరన్నది నిజమే, చట్టమూ ఒప్పుకుంది. కాకపోతే ఫిబ్రవరి అంటే ఏడాది చదువు ఒక కొలిక్కి వచ్చే నెల. ఒక్క టీచరే ఉన్న లంక బడి నుంచి ఆమెను లెక్కలకు పిలిచే ఉత్తర్వులోనే, ఆ రోజుల్లో ఆ పిల్లల ముందు ఎవరు కూర్చుంటారో పేరు రాయాలి. పేరు రాయలేకపోతే ఆ బడి టీచరును జాబితా నుంచి తీసేయాలి. ఇది మండల విద్యాశాఖాధికారి, తహసీల్దారు ఒక పూట కూర్చుంటే తేలిపోయే పని. కోడూరు, నాగాయలంక, కృత్తివెన్ను మండలాల్లోని ఏకోపాధ్యాయ బడుల జాబితా వాళ్ల దగ్గరే ఉంది.